స్ఫటిక లేఖన పఠనము: ఎక్స్-కిరణ వివర్తన ఫలితములందలి దోషములు, వాని పరిష్కారము

ఉపోద్ఘాతము

గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసను సిరొంచ తాలూకా కలదు. దీని పడమటి యంచున ప్రాణహిత, దక్షిణపు టంచున గోదావరి, తూర్పు టంచున ఇంద్రావతి ప్రవహించుచున్నవి. సిరొంచ చెంత ప్రాణహితయు, సోమనూరు చెంత ఇంద్రావతియు గోదావరిలో గలియును. ఇంద్రావతి యొడ్డున, రాష్ట్రముల సరిహద్దుపై నున్న పాతగూడెము మొదలుకొని ప్రాణహిత యొడ్డు వఱకు గల ఈ నేలపై తెలుగు, గోండి, మరాఠీ మూడును వినవచ్చును. ఒక భాష మాటను మఱియొక భాష లిపిలో చదువబోయి తొట్రుపడుట ఇచ్చటి పిల్లలకు నిత్యానుభవము.

ఈ నేలలోని రాళ్లకును ఒక లేఖనము కలదు. ప్రాణహిత యొడ్డుననున్న కోట గ్రామము పేరనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఇచ్చటి శిలాశ్రేణిని కోట శ్రేణి యని పిలుచుచున్నారు. ఇది జురాసిక్ యుగమునకు చెందినది. ఇందలి సున్నపురాతి పొరలలో ప్రాచీన మత్స్యముల శిలాజములున్నట్లు 19వ శతాబ్దిలోనే తెలిసినది. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి చెంత బయల్పడిన మహాకాయ సరీసృపము ఎముకలకు 1975లో బారాపాసారస్ టాగోరై అను పేరిడిరి. 1961లో, అనగా రవీంద్రుని శతజయంతి సంవత్సరమున, తవ్వకములు జరిగినందున ఆ మహాకవి పేరు దానికి చేరినది. ఆ యస్థిపంజరము నేడు కలకత్తాలోని భారత గణాంక సంస్థ ప్రదర్శనశాలలో నున్నది.

ఇట్టి రాతిముక్క నొకదానిని చేత బట్టుకొని, దీనిలో పరమాణువు లెట్లు కూర్పబడినవని యడిగినచో కంటికి గాని, మామూలు సూక్ష్మదర్శినికి గాని సమాధానము దొరకదు. ఆ సమాధానము నిచ్చునది ఎక్స్-కిరణ వివర్తనము. కాని యంత్రము రాతి పేరును చెప్పదు. అది చెప్పునవి రెండే: కిరణము ఏ కోణమున వంగినది, ఎంత తీవ్రతతో వంగినది. ఈ రెంటినుండి పదార్థ నిర్ణయము చేయుట చదువరి పని. చదువుటలో పొరపాటు జరిగినచో రాయి మాఱదు గాని దానినిగూర్చిన శాస్త్రము మాఱిపోవును. ఆ పొరపాటు లెట్టివి, వాని లక్షణము లేవి, పరిష్కారము లేవి యను విషయమును వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వివర్తన సూత్రము

1895లో రంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. అవి తరంగములా, కణములా యను వివాదము పదునేడేండ్లు సాగెను. 1912లో మ్యూనిక్ నగరమున లావే సూచనపై ఫ్రీడ్రిక్, నిప్పింగ్ అను వారు మైలుతుత్తము స్ఫటికముగుండ ఎక్స్-కిరణములను పంపగా, వెనుకనున్న ఛాయాచిత్ర ఫలకముపై చుక్కలు పడెను. కిరణములు తరంగములనియు, స్ఫటికములోని పరమాణువులు క్రమమైన వరుసలలో నున్నవనియు ఒక్క ప్రయోగముచేతనే తేలినది. పిమ్మట ఇంగ్లండులో విలియం బ్రాగ్, ఆయన కుమారుడు లారెన్స్ బ్రాగ్ ఈ చుక్కలను చదువు విధానమును ఏర్పరచి, 1915లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. అప్పటికి కుమారుని వయస్సు 25 ఏండ్లు.

బ్రాగ్ సూత్రము చిన్నది. స్ఫటికములోని సమాంతర తలముల మధ్య దూరమును రెండింతలు చేసి, కిరణము ఆ తలముతో చేయు కోణముయొక్క సైను విలువచే గుణించినచో, వచ్చు ఫలము తరంగదైర్ఘ్యమునకు పూర్ణాంక గుణిజము కావలెను. అట్లయిన కోణముననే కిరణములు ఒకదానికొకటి తోడై బలపడును. తక్కిన కోణములలో ఒకదాని నొకటి రద్దు చేసికొనును.

సున్నపురాతిలో ముఖ్యమైన ఖనిజము కాల్సైటు. దీని నిర్మాణమును లారెన్స్ బ్రాగ్ 1914 నాటికే వివరించెను. దీనిలో అతి తీవ్రముగా ప్రతిఫలించు తలముల మధ్య దూరము 3.04 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రాము అనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. రాగి లక్ష్యము గల గొట్టమునుండి వచ్చు కిరణము తరంగదైర్ఘ్యము 1.5406 ఆంగ్‌స్ట్రాములు. లెక్క కట్టగా బ్రాగ్ కోణము 14.7 డిగ్రీలు వచ్చును. యంత్రము దీనికి రెట్టింపైన కోణమును కొలుచును గనుక, పటముపై 29.4 డిగ్రీలకడ శిఖరము కనబడవలెను. సున్నపురాతి సంతకము ఇది.

పరీక్ష రెండు విధములు. రాతిని పొడిచేసి లక్షలాది సూక్ష్మ స్ఫటికములను ఒకేమారు పరీక్షించుట మొదటిది. ఒకే యొక స్ఫటికమును త్రిప్పుచు వేలకొలది చుక్కలను కొలుచుట రెండవది. మొదటిది ఈ పదార్థమేది యను ప్రశ్నకును, రెండవది దీనిలో ఏ పరమాణువు ఎచ్చట నున్నది యను ప్రశ్నకును తగినది. వైద్యమున నిదానము ముందు, చికిత్స తరువాత. ఇచ్చటను అంతే.

పొడి పరీక్షయందలి దోషములు

మొదటి దోషము నమూనా ఎత్తు. పొడిని పళ్లెరములో నింపినపుడు దాని పైతలము యంత్రము నిర్దేశించిన మట్టమున నుండవలెను. కొలతచక్రపు వ్యాసార్థము 150 మిల్లీమీటర్లు గల యంత్రమున, పొడి అర మిల్లీమీటరు ఎత్తుగా నున్నచో కాల్సైటు శిఖరము 29.4 నుండి సుమారు 29.8 డిగ్రీలకు జరుగును. అప్పుడు తలముల దూరము 3.04కు బదులు 3.00 ఆంగ్‌స్ట్రాములని లెక్క తేలును. ఇందు ఒక మోసము కలదు. కాల్సైటులో కాల్షియము స్థానమును కొంతవఱకు మెగ్నీషియము ఆక్రమించినచో, నిజముగానే ఆ దూరము 3.00 వఱకు తగ్గును. కావున పళ్లెరము సరిగా నింపని కారణమున, మామూలు సున్నపురాయి మెగ్నీషియము గల రాయిగా నమోదగును.

దీని నిదానము సులభము. ప్రకృతిలోని సున్నపురాతిలో తఱచు కొంత ఇసుక, అనగా క్వార్ట్‌జ్, కలసియుండును. క్వార్ట్‌జ్ ముఖ్య శిఖరము 26.6 డిగ్రీలకడ నుండవలెను. అదియు అదే దిక్కునకు, దాదాపు అంతే జరిగియున్నచో దోషము నమూనా ఎత్తుది. క్వార్ట్‌జ్ తన చోటనే యుండి కాల్సైటు మాత్రము జరిగినచో మార్పు రాతిదే. క్వార్ట్‌జ్ లేని రాతికి శుద్ధమైన సిలికాను పొడిని కొంచెము కలుపుదురు. దాని శిఖరము 28.44 డిగ్రీలకడ స్థిరము. తెలిసిన యక్షరముతో తెలియని యక్షరమును పోల్చి చదువుట వంటిదే ఇది.

రెండవ దోషము రేణువుల మొగ్గు. కాల్సైటు పగిలినపుడు ఎల్లప్పుడును ఒకే విధమైన తలములవెంట పగులును. ఆ తలములే 29.4 డిగ్రీల శిఖరము నిచ్చునవి. పొడిని పళ్లెరములో నొక్కి నున్నచేసినపుడు రేణువులు పలకలవలె ఒకే దిక్కునకు పరుండును. అప్పు డా శిఖరము ఉండవలసిన దానికంటె మిక్కిలి ఎత్తుగా లేచి, తక్కినవి అణగిపోవును. శిఖరముల ఎత్తునుబట్టి ఏ ఖనిజ మెంతయున్నదని లెక్కవేసినచో ఫలితము తప్పును. పొడిని పది మైక్రాన్లకు లోబడి నూరుట, పళ్లెరమును ప్రక్కనుండి గాని వెనుకనుండి గాని నింపుట, కొలుచునపుడు త్రిప్పుచుండుట దీనికి పరిష్కారములు.

కాని నూరుటలోను అతి పనికిరాదు. దీర్ఘకాలము బలముగా నూరినచో కాల్సైటులో కొంత భాగము ఆరగొనైటు అను వేఱొక రూపము నొందును. రసాయన ద్రవ్యము అదియే. కూర్పు మాత్రము వేఱు. ఆరగొనైటు శిఖరము 26.2 డిగ్రీలకడ కనబడును. రాతిలో లేని ఖనిజము రోటిలో పుట్టినదన్నమాట. అందుచే నూరిన కాలమును, విధమును వ్రాసి యుంచుకొనుట మంచి ప్రయోగశాలల ఆచారము.

మూడవ దోషము ఇనుము వలన గలుగునది. గడ్చిరోలి జిల్లాలోని సూరజాగఢ్ కొండలు ఇనుప ఖనిజమునకు పేరుపొందినవి. ఇట్టి ఎఱ్ఱరాతి పొడిని రాగి గొట్టముతో పరీక్షించినచో శిఖరములు మసకబాఱి, పటమంతయు క్రిందినుండి పైకి లేచియుండును. కారణమేమనగా, రాగి కిరణము శక్తి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇనుప పరమాణువు లోపలి ఎలక్ట్రానును పెకలించుటకు 7.11 చాలును. కిరణము నట్లు మ్రింగిన ఇనుము తానే వేఱు కిరణములను అన్ని దిక్కులకు వెదజల్లును. ఈ వెలుగులో వివర్తన శిఖరములు పట్టపగటి దీపములగును. నమూనా చెడ్డదని పారవేయుట తప్పు. కోబాల్టు గొట్టమును వాడినచో దాని కిరణము శక్తి 6.93 మాత్రమే గనుక ఇనుము కదలదు. ఆ గొట్టము లేనిచోట, ఇనుము వెదజల్లు కిరణములను వడగట్టు సాధనమును గ్రాహకము ముందుంచుదురు.

గొట్టము మార్చినపుడు తరంగదైర్ఘ్యమును గణనయంత్రములో మార్చుట మఱవరాదు. కోబాల్టుతో కాల్సైటు శిఖరము 34.3 డిగ్రీలకడ వచ్చును. రాగి తరంగదైర్ఘ్యముతోనే లెక్కించినచో తలముల దూరము 3.04కు బదులు 2.61 అని వచ్చును. శిఖరములన్నియు ఒకే నిష్పత్తిలో తప్పినచో దోషము తరంగదైర్ఘ్యమునందే యని గుర్తింపవలెను.

నాలుగవది దోషము గాదు గాని దోషమని పొరబడదగినది. ఎముకలోని ఖనిజము ఎపటైటు. క్రొత్త ఎముక పొడిని పరీక్షించినచో 31 డిగ్రీలు మొదలు 34 డిగ్రీల వఱకు శిఖరములు ఒకదానితో నొకటి కలిసి ఒక దిబ్బవలె నుండును. యంత్రము చెడెనని తలపరాదు. ఎముకలోని స్ఫటికములు మిక్కిలి సూక్ష్మములు గనుక శిఖరములు వెడల్పగును. కోట్ల యేండ్లు భూమిలో నున్న శిలాజపు ఎముకలో స్ఫటికములు పెరుగుటచేత ఆ దిబ్బ సాధారణముగా వేఱువేఱు సన్నని శిఖరములుగా విడిపోవును. శిఖరపు వెడల్పు కూడ ఒక యక్షరమే, దానిని చెఱిపివేయరాదు.

ఈ పరీక్షలో పొరపాటు పడుట రాళ్లకే పరిమితమైన నష్టము గాదు. ఒకే యౌషధము రెండు మూడు స్ఫటిక రూపములలో ఘనీభవించవచ్చును. ఎయిడ్స్ వ్యాధికి వాడు రిటొనావిర్ అను మందు 1996లో అంగీకారము పొందెను. 1998లో అంతకుముందెఱుగని, తక్కువగా కరగెడు స్ఫటిక రూపమొకటి ఆ మందులో తలయెత్తగా, గొట్టపు మాత్రలను విపణినుండి తొలగింపవలసి వచ్చెను. ఈ రూపభేదమును స్పష్టముగా చూపునది వివర్తన పటమే. హైదరాబాదు విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము పనిచేసిన గౌతమ్ దేశిరాజు 1989లో ప్రకటించిన గ్రంథము స్ఫటికములలో అణువులు ఎట్లు కూడుకొనునో, వానిని కోరినట్లు కూర్చు టెట్లో వివరించినది. ఔషధ పరిశ్రమకు నెలవైన ఆ నగరమున ఈ చదువు కేవలము పాండిత్యము గాదు.

ఏకస్ఫటిక పరీక్షయందలి దోషములు

ఒకే స్ఫటికమును పరీక్షించునపుడు పని నాలుగు మెట్లుగా సాగును. చుక్కలను గుర్తించుట మొదటిది. ప్రతి చుక్కకు మూడు పూర్ణాంకముల పేరిడుట రెండవది. చుక్కల తీవ్రతను కూడికచేసి కొలుచుట మూడవది. వేఱువేఱు చిత్రములలోని కొలతలను ఒకే త్రాసునకు తెచ్చి సరిపోల్చుట నాలుగవది. నేడు ఈ పనులను మాస్‌ఫ్లం, ఎక్స్‌డీఎస్, డయల్స్ వంటి గణన కార్యక్రమములు నిమిషములలో చేయుచున్నవి. అవి త్వరగా చేయును గాని తప్పు సమాచారమిచ్చినచో తప్పునే త్వరగా చేయును.

పేరిడుటలో అతి సాధారణమైన దోషము కిరణ కేంద్రమునకు సంబంధించినది. స్ఫటికమున మరల మరల వచ్చు మూలకోశముయొక్క భుజము 100 ఆంగ్‌స్ట్రాములు, కిరణ తరంగదైర్ఘ్యము 1 ఆంగ్‌స్ట్రాము, గ్రాహక దూరము 200 మిల్లీమీటర్లు అనుకొన్నచో, ప్రక్కప్రక్క చుక్కల నడుమ ఎడము 2 మిల్లీమీటర్లు. నేరుగా వచ్చు కిరణము తగులు చోటును ఒక మిల్లీమీటరుకంటె ఎక్కువ తప్పుగా వ్రాసినచో, ప్రతి చుక్కకు దాని ప్రక్క చుక్క పేరు పడిపోవును. బడిలో హాజరుపట్టీని ఒక వరుస క్రిందికి జరిపి చదివినట్లే. పిల్లలందఱు నున్నారు, పేర్లన్నియు నున్నవి, ఒక్కరి పేరును సరిపోదు. దీని లక్షణమేమనగా, కార్యక్రమము ఏ యభ్యంతరమును చెప్పక పేర్లిడును గాని, నాలుగవ మెట్టున సమానము కావలసిన చుక్కలు ఏమాత్రము సమానము గావు. స్ఫటికమునకు సౌష్ఠవమే లేదని తోచును. మంచు వలయముల నడిబిందువును గాని, తెలిసిన పొడి నమూనా వలయముల నడిబిందువును గాని చూచి కేంద్రమును మరల నిర్ణయించినచో దోషము తొలగును.

గ్రాహక దూరము తప్పినచో ఫలితము వేఱు విధము. 198 మిల్లీమీటర్లున్నదానిని 200 అని వ్రాసినచో మూలకోశపు భుజములు మూడును నూటికొకటి చొప్పున పెరిగి కనబడును. సౌష్ఠవము చెడదు, కొలత చెడును. భుజములన్నియు ఒకే నిష్పత్తిలో పెరుగుట లేక తరుగుట దీని గుర్తు.

మాంసకృత్తుల స్ఫటికములను సుమారు 100 కెల్విన్ శీతలమున నుంచి పరీక్షింతురు. తగు రక్షకద్రవము చాలనిచో నీరు మంచుగా గడ్డకట్టి, 3.90, 3.67, 3.44, 2.67, 2.25 ఆంగ్‌స్ట్రాముల కడ వలయముల నేర్పరచును. ఆ వలయములపై పడిన చుక్కల కొలత నమ్మదగదు. వలయపు పట్టీని మాత్రము లెక్కనుండి తొలగించుట ఒక పరిష్కారము. రక్షకద్రవమును సరిచేసి క్రొత్త స్ఫటికము నెక్కించుట మేలైన పరిష్కారము. అట్లే, నేరుగా వచ్చు కిరణము నడ్డగించు సీసపు బిళ్ల నీడలో పడిన చుక్కలు లేని బలహీనతను చూపును. మితిమీరిన తీవ్రత గల చుక్కలు గ్రాహకము పట్టును మించి, ఉన్నదానికంటె తక్కువగా నమోదగును. మొదటిదానికి నీడ హద్దులను గుర్తింపవలెను; రెండవదానికి కిరణమును మందగింపజేసి మఱియొక వరుస చిత్రములు తీయవలెను. ఒక భుజము మిక్కిలి పొడవైనచో చుక్కలు ఒకదానిపై నొకటి పడును. గ్రాహకమును దూరము జరిపి, స్ఫటికమును ఇంకను చిన్న కోణములతో త్రిప్పినచో అవి విడివడును.

కిరణము స్ఫటికమును చదువుటయే గాక కాల్చుచునుండును. కొలత సాగినకొలది చుక్కలు మసకబాఱును. మాంసకృత్తిలోని గంధకపు బంధములు ముందుగా తెగును. కడపటి చిత్రముల కొలతలు మొదటివానితో సరిపోలకున్నచో వానిని విడిచిపెట్టుటయే మేలు. ఎక్కువ చిత్రములున్న చాలునను భ్రమ ఇచ్చట పనికిరాదు.

సౌష్ఠవమును తప్పుగా గ్రహించుట

స్ఫటికముల సౌష్ఠవమునకు 230 తరగతులు మాత్రమే కలవని 1891లో ఫెదొరోవ్, షోన్‌ఫ్లీస్ అనువారు వేఱువేఱుగా నిరూపించిరి. వానిలో మాంసకృత్తులకు తగినవి 65. ఈ గణితమున తెలుగువారి పాత్రయు కలదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము, వేంకటరాయుడు అనువారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునుండి 1948లో సమూహ సిద్ధాంతముపై ప్రకటించిన గ్రంథము, సౌష్ఠవమునుండి పదార్థ ధర్మములను రాబట్టు పద్ధతిని విద్యార్థులకు అందుబాటులోనికి తెచ్చెను.

సౌష్ఠవ నిర్ణయమున దోషము రెండు వైపుల జరుగును. ఉన్న సౌష్ఠవమును గుర్తింపకపోవుట ఒకటి. అమెరికాలో రిచర్డ్ మార్ష్ అను స్ఫటిక శాస్త్రజ్ఞుడు, ఇతరులు ప్రకటించిన నిర్మాణములను పునఃపరిశీలించి, అనేకములకు వాస్తవమునకంటె తక్కువ సౌష్ఠవము నంటగట్టిరని చూపెను. అట్టి తప్పువలన పరమాణువుల మధ్య దూరములు అసహజములుగా తేలి, అణువులో లేని విశేషములు ఉన్నట్లు తోచును.

లేని సౌష్ఠవము నున్నదనుకొనుట రెండవది. దీనికి ముఖ్య కారణము జంట స్ఫటికము. రెండు స్ఫటిక భాగములు వేఱు దిక్కులకు మొగము పెట్టి ఒకే ముద్దగా పెరిగినచో, ఒకదాని చుక్కలు రెండవదాని చుక్కలపై పడును. ఒకే కాగితముపై రెండు పుటలు అచ్చుపడినట్లుండును గాని, అక్షరములు సరిగా ఒకదానిపై నొకటి పడుటచేత కంటికి ఒకే పుటగా తోచును. దీనిని లెక్కతో పట్టవలెను. తీవ్రతల వర్గముల సగటును, సగటు తీవ్రత వర్గముచే భాగించినచో, కేంద్ర సౌష్ఠవము లేని మామూలు స్ఫటికమునకు 2.0 రావలెను. సరిసమానమైన జంటయైనచో 1.5 మాత్రమే వచ్చును. రెండు పుటలు కలసినపుడు మిక్కిలి నల్లనివి, మిక్కిలి తెల్లనివి తగ్గి అంతయు నడిమి రంగున నుండుటయే దీనికి కారణము. మృతసముద్రపు సూక్ష్మజీవి రైబోజోము పెద్ద భాగమును సాధించిన స్టైట్జ్ బృందమునకు ఈ జంట దోషము అడ్డుపడెను. వారు స్ఫటికములను పెంచు విధమునే సరిచేసి దానిని తొలగించి, 2000లో నిర్మాణమును ప్రకటించిరి. ఆ రంగమున స్టైట్జ్, యొనాథ్, వెంకటరామన్ రామకృష్ణన్ 2009లో నోబెల్ బహుమానము నందిరి.

అద్దములోని ప్రతిబింబము

ఇంతవఱకు చెప్పినవి ఎక్కడో ఒకచోట లెక్క సరిపోక బయటపడు దోషములు. ఎచ్చటను చప్పుడు చేయక దాగి కూర్చుండు దోషము ఒకటి కలదు.

ప్రతి చుక్కకు ఎదుటి దిక్కున ఒక జోడు చుక్క యుండును. సామాన్యముగా ఈ రెంటి తీవ్రత సమానము. దీనిని 1913లో ఫ్రీడెల్ చెప్పెను. అందుచే అణువు కుడిచేతి రూపమా, ఎడమచేతి రూపమా యని వివర్తనము చెప్పలేదని చాలకాలము తలంచిరి. కొన్ని బరువైన పరమాణువులున్నపుడు ఆ రెంటి నడుమ అత్యల్ప భేదము కలుగును. 1951లో హాలెండు దేశపు బైఫోట్, ఆయన సహచరులు టార్ట్రేటు లవణమున ఆ భేదమును కొలిచి, అణువుయొక్క నిజమైన చేతివాటమును మొదటిమారు నిర్ణయించిరి. జోడు చుక్కలలో ఏది మొదటిది, ఏది రెండవది యను గుర్తు మీదనే ఈ నిర్ణయమంతయు ఆధారపడియున్నది.

2001లో అమెరికాలో జాఫ్రీ చాంగ్ నాయకత్వమున నొక బృందము, సూక్ష్మజీవుల కణపు పొరలోనుండి పదార్థములను వెలికి నెట్టు ఎం.ఎస్.బి.ఎ. అను మాంసకృత్తి నిర్మాణమును ప్రకటించెను. మందులకు సూక్ష్మజీవులు లొంగకపోవుటకు ఇట్టి మాంసకృత్తులతో సంబంధమున్నందున ఆ పరిశోధన కీర్తి గాంచెను. దానిపై మఱికొన్ని వ్యాసములు వెలువడెను. భిన్నమైన ఫలితములు పొందిన ఇతర ప్రయోగశాలల వారు తమ మాటను నమ్మించుటకు శ్రమపడవలసి వచ్చెను.

2006లో స్విట్జర్లాండున డాసన్, లోహర్ అనువారు అదే కుటుంబమునకు చెందిన మఱియొక మాంసకృత్తి నిర్మాణమును ప్రకటించిరి. రెంటికిని పొంతన కుదరలేదు. చాంగ్ తన కొలతలను మొదటినుండి వెదకగా దోషము బయటపడెను. ప్రసిద్ధమైన కార్యక్రమములలో చేరని, ప్రయోగశాలలో వాడుకకు వచ్చిన ఒక చిన్న కార్యక్రమము, జోడు చుక్కల రెండు నిలువు వరుసలను తారుమారు చేసియుండెను. వరుసలు మాఱగా భేదముయొక్క గుర్తు మాఱెను. గుర్తు మాఱగా నిర్మాణము అద్దములో చూచినట్లు తలక్రిందులయ్యెను. రబ్బరు స్టాంపుపై నున్న అక్షరములను కాగితముపై నున్న వనుకొని చదివినట్లయ్యెను. 2006 డిసెంబరులో ఆ బృందము తన తప్పును తానే ప్రకటించెను. ఐదు పరిశోధన వ్యాసములు ఉపసంహరింపబడెను.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. స్ఫటికము అబద్ధమాడలేదు. కొలిచిన సంఖ్యలు సరియైనవే. మూలసమాచారము భద్రముగా నుండుటచేతనే ఆ బృందము దానిని మరల చదివి, 2007లో సరియైన నిర్మాణములను ప్రకటింపగలిగెను. మూలమును పారవేసి ఫలితమును మాత్రము దాచుకొనియున్నచో ఆ యైదేండ్ల శ్రమ తిరిగి చేతికి వచ్చెడిది గాదు.

పరిశీలన క్రమము

పై విషయములనుండి ఒక క్రమమును గ్రహింపవచ్చును. మొదట, లెక్కలు చూడకముందే చిత్రములను కంటితో చూడవలెను. వలయములు, నీడలు, చీలిన చుక్కలు కంటికే తెలియును. రెండవది, తరంగదైర్ఘ్యము, దూరము, కిరణ కేంద్రము అను మూడింటిని తెలిసిన నమూనాతో సరిచూడవలెను. మూడవది, సౌష్ఠవమును ముందే ఊహింపక, తక్కువ సౌష్ఠవముతో ఆరంభించి, కొలతలు ఒప్పుకొన్నంతవఱకే పైకి పోవలెను. నాలుగవది, జంట పరీక్ష చేయవలెను. ఐదవది, కొలతల నాణ్యతకు తగిన గుణకమును వాడవలెను. పూర్వము వాడిన ఆర్-మెర్జ్ అను సంఖ్య, ఒకే చుక్కను ఎక్కువమారులు కొలిచినకొలది పెరుగును. అనగా శ్రద్ధగా పనిచేసినవానికే ఎక్కువ తప్పు చూపును. ఈ లోపమును డీడెరిక్స్, కార్‌ప్లస్ 1997లో ఎత్తిచూపి సవరించిరి. 2012లో వారే, కొలతలను రెండు సగములుగా విభజించి ఆ సగముల పొందికను చూచు పద్ధతిని ప్రతిపాదించిరి. ఆఱవది, ఫలితము ఇతర మార్గములద్వారా తెలిసినదానితో విరోధించునపుడు, ఇతరులను తప్పుపట్టక ముందు తన లెక్కను వెదకవలెను. ఏడవది, మూలచిత్రములను భద్రపఱచవలెను. 1971లో నెలకొల్పబడిన మాంసకృత్తి నిర్మాణ భాండారము, 2008 నుండి నిర్మాణముతోపాటు కొలతలనుకూడ సమర్పింపవలెనని నియమము చేసినది.

ఉపసంహారము

మూడు నదుల నడుమనున్న ఈ తాలూకానుండి ఎముకలు కలకత్తాకు పోయినవి. శిలాజములు, రాళ్లు పొడులై దూరపు ప్రయోగశాలలకు పోవుచుండును. వానినిగూర్చి ఏమి వ్రాయబడునో అది చదువువారి శ్రద్ధపై నాధారపడియుండును. పళ్లెరములో పొడి అర మిల్లీమీటరు ఎత్తైనచో రాతి పేరు మాఱును. రెండు నిలువు వరుసలు తారుమారైనచో ఐదేండ్ల శాస్త్రము తలక్రిందులగును. దోషము చిన్నదైనంతమాత్రమున ఫలము చిన్నది గాదు.

తప్పు చదువుట అవమానము గాదని ఈ చరిత్ర చెప్పుచున్నది. బాలుడు అక్షరమును తప్పు చదివినచో వ్రేలు పెట్టి మరల చదివింతురు. శాస్త్రజ్ఞుడును అట్లే మరల చదువవలెను. అందులకు మూలమును దాచుకొనుట, తప్పును దాచకుండుట అను రెండే సాధనములు. కోట సున్నపురాతిలో నిద్రించు చేపకు గాని, కలకత్తాలో నిలిచిన సిరొంచ సరీసృపమునకు గాని తొందర లేదు. అవి కోట్ల యేండ్లుగా తమ లేఖనమును మార్చక వేచియున్నవి.